అంచు కింద

ప్రతి మెట్టుకీ ఎడమ కాలే ముందు పెట్టింది. మూడు వారాల కిందట వైశాలి మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ ఆగిపోయిన రోజున, ముందు కూతురు ఎల్సా, వెనక తల్లి సరళకుమారి మెట్లెక్కుతుంటే, పిల్ల ఎడమ కాలు పైమెట్టు మీద పెట్టి, కుడికాలిని తెచ్చి దాని పక్కన చేర్చి, మళ్లీ ఎడమ కాలే. చేతిలో ఫోను, చెవుల్లో పాట. పిల్లకి తెలిసి చేస్తున్న పని కాదు, కాలికి తెలిసి చేస్తోంది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి సరళకుమారి తన నర్సు సర్వీసులో ఎంతమందికి నేర్పిందో ఆ పాఠం, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు. ఎల్సాకీ నేర్పింది, రెండేళ్ల కిందట. తరవాత ఆ పాఠంతో పని లేకుండా పోయింది, పిల్ల మామూలుగా మెట్లెక్కింది, నోయిడాలో ఆఫీసువాళ్లతో బ్యాడ్మింటన్ ఆడింది. ఆ రోజు పైకి చేరాక కాలు నొప్పా అని అడిగితే "నహీ తో" అంది. ఒకసారి ఎమ్మారై తీయిద్దాం అంటే "ఠీక్ హై" అంది. చపాతీ మందం దగ్గర్నుంచి చర్చి టైము దాకా దేనికైనా వాదించే పిల్ల ఠీక్ హై అని ఊరుకుంది. అప్పట్నుంచి సరళకుమారికి ఏ పనిలో ఉన్నా వినబడుతున్నవి ఆ రెండు మాటలే.

ఇప్పుడు తలుపు అవతల యంత్రం కొడుతోంది. ఆసుపత్రి బేస్‌మెంట్, ఎమ్మారై గది బయట వేసిన స్టీలు కుర్చీల్లో చివరిదానిలో కూర్చుంది సరళకుమారి. లోపలికి వెళ్తూ ఎల్సా చెవిపోగులు, గొలుసు, వాళ్ల నాన్న వద్దంటే వద్దన్న ముక్కుపుడక తీసి తల్లి గుప్పిట్లో పోసి, "మమ్మీ, మెషీన్ కో ఘూర్‌నా మత్. డర్ గయీ తో ఫోటో ఖరాబ్ ఆయేగీ" అంది. యంత్రం కేసి గుడ్లురిమి చూడకు, భయపడి ఫోటో పాడుచేస్తుంది అని. ఇదే ఆసుపత్రిలో, పై అంతస్తు ఆపరేషన్ థియేటర్‌లో, సరళకుమారి ఇరవై ఏళ్లకి పైగా సిస్టరు. ఇవాళ సెలవు పెట్టి చీరలో వచ్చింది. స్ట్రెచర్ తోసుకొస్తున్న వార్డుబాయ్ "ఆంటీ, పైర్ అందర్ కీజియే" అన్నాడు. కాళ్లు లోపలికి తీసుకుంది. ఈ కారిడార్‌లో తను ఎంతమంది ఆంటీలని కాళ్లు లోపలికి తీసుకోమందో. వాళ్లు అడిగేవాళ్లు, సిస్టర్, లోపల ఏం కనబడింది అని. డాక్టర్‌గారు చెప్తారు అనేది. హిందీలో అనేది, ఇంగ్లీషులో అనేది, అప్పుడప్పుడు తెలుగులో. ఆ మాట అని నడిచి వెళ్లిపోయేది. వెనక వాళ్లు ఎంతసేపు చూస్తూ ఉండేవాళ్లో ఎప్పుడూ తిరిగి చూడలేదు.

టక టక టక టక, ఆగింది, ఇప్పుడు గర్రుమని ఒకే మోత. థియేటర్‌లో డ్రిల్లు ఇలాగే మోగుతుంది. ఎముక గోడలు అరగదీసే డ్రిల్లు, దాని ముక్కు గుండ్రంగా ఉంటుంది, తిరుగుతున్నంతసేపూ పక్కన ఒకరు నీళ్లు పోస్తూ ఉండాలి, లేకపోతే ఎముక కాలుతుంది, ఆ వాసన మాస్కులోంచి కూడా వస్తుంది, తల వెంట్రుకలు కాలిన వాసన. ఎల్సా ఎముక అరగదీసినప్పుడు నీళ్లు పోసింది తను కాదు. సొంత మనిషి బల్ల మీద ఉంటే సిస్టరు లోపల ఉండకూడదు, అది రూలు. రూలు మంచిదే. చెయ్యి వణికితే ఎవరికి నష్టం. కానీ లోపల ఉండి ఉంటే చూసేది, చూసి ఉంటే తెలిసేది, తెలిసి ఉంటే ఈ రెండేళ్లూ ఊహించుకునే పని ఉండేది కాదు. ఇవాళ పొద్దున మెట్రో యమున దాటుతుంటే ఎల్సా కిటికీలోంచి నది కేసి చూస్తూ కూర్చుంది. నది మీద పొగమంచు, దూరంగా రోడ్డు వంతెన సగమే కనబడుతోంది. లక్ష్మీనగర్‌లో ఎక్కిన కోచింగ్ పిల్లలు నిలబడే పుస్తకాలు చదువుకుంటున్నారు. ఒకమ్మాయి ఎల్సా మోకాలికి బ్యాగు తగిలించి సారీ దీదీ అంది. ఎల్సా పళ్ల మధ్య నుంచి గాలి లోపలికి పీల్చింది. ఆ చప్పుడు బోగీలో ఎవరికీ వినబడదు. సరళకుమారికి వినబడింది. కోయి బాత్ నహీ అంది ఎల్సా, ఆ పిల్లతో.

మొదటి ఎక్స్‌రేలో తొడ ఎముక కింది చివర, మోకాలికి పైన, సబ్బు నురగలా ఉంది. బుడగ పక్కన బుడగ. ఆఫీసు మెట్ల మీద కాలు మడతపడిందని తీయించిన ఎక్స్‌రే అది, విరిగిందేమో చూడ్డానికి. డాక్టరు నోరు తెరవకముందే పేరు తెలిసింది, జెయింట్ సెల్ ట్యూమర్, ఈ కేసులు ఎన్ని చూడలేదు. డాక్టర్ సదాశివరావు తెర మీద బొమ్మని పెద్దది చేస్తూ, "క్యాన్సర్ కాదు సరళగారూ, ఆ భయం పెట్టుకోకండి. కానీ మొండి ఘటం. తీసేశాక కూడా కొందరికి మళ్లీ వస్తుంది. వస్తే చాలావరకు మొదటి రెండు మూడేళ్లలోనే" అన్నాడు. ఎల్సా తండ్రి తోమాసు క్యాన్సర్ కాదు అన్న మాట దగ్గర ఆగిపోయాడు, అక్కడే కళ్లు మూసుకుని స్తోత్రం ప్రభువా అన్నాడు. మిగతా మాటలు సరళకుమారి వింది. రెండు దార్లున్నాయి. ఒకటి, కీలుతో సహా ఆ ఎముక ముక్కని కోసేసి లోహపు మోకాలు పెట్టడం. మళ్లీ రావడం అరుదు, కానీ ఇరవై రెండేళ్ల పిల్లకి లోహపు మోకాలు, అది అరిగినప్పుడల్లా మళ్లీ కోత. రెండోది, ఎముకకి కిటికీ కోసి, లోపలున్నది గీకి తీసేసి, ఆ గుంతని ఎముక సిమెంటుతో నింపడం. సొంత మోకాలు మిగులుతుంది. తిరిగి వస్తుందేమోనన్న భయం కూడా మిగులుతుంది. సొంత మోకాలే కావాలన్నారు. ఎవరైనా అదే అంటారు.

కిటికీ అనేది థియేటర్‌లో మామూలు మాట. లోపలి గుంత ఎంత వెడల్పు ఉందో కిటికీ అంత ఉండాలని సదాశివరావు జూనియర్లకి చెప్పడం ఎన్నోసార్లు వింది. చిన్న కిటికీ పెడితే దాని అంచు కింద ఏముందో కంటికి కనబడదు, ఎముక గీకే చెంచా అక్కడికి తిరగదు. చెంచాతో గీకాక డ్రిల్లుతో గోడలు అరగదీస్తారు, ఆ పైన ఫినాల్ అనే మందు పూస్తారు, చివరికి సిమెంటు, అది గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ఆ వేడికి కూడా మిగిలినవి చస్తాయని. ఇన్ని పనులూ ఒక్కదాని కోసమే, అంచు కింద ఏదీ మిగలకూడదు. అదంతా తెలిసిన మనిషి. అదంతా తెలిసిన మనిషే ఆపరేషన్‌కి ముందు రోజు డాక్టర్ల టీ గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

థియేటర్‌లో తను ఆయనకి సిస్టర్, ఆయన తనకి సర్, మాటలన్నీ ఇంగ్లీషులో, అవీ ఒక్కో మాట, కత్తెర, దూది, సక్షన్. టీ గది వేరు. ఆయనది కాకినాడ, తనది పాలకొల్లు. ఊరెళ్లి వచ్చినప్పుడల్లా ఎండురొయ్యల పొడి హార్లిక్స్ సీసాలో తెచ్చి ఇస్తుంది. "మా ఆవిడకి చెప్పకండేం, సగం ఇక్కడే అవగొట్టేస్తాను" అంటాడాయన. ఆ రోజు కూడా ఆ భాషలోనే అడిగింది. "సార్, పెళ్లి కావాల్సిన పిల్ల. కోత కాస్త చిన్నది పెట్టండి." ఆయన కప్పు కింద పెట్టాడు. ఇదే మాట హిందీలో అడిగిన తల్లులకి ఆయన ఏం చెప్తాడో తనకి తెలుసు, కోత సంగతి నాకు వదిలేయండి అంటాడు, ఇంకో మాట ఉండదు. తనతో అలా అనలేకపోయాడు. "మన అమ్మాయే కదండీ. చూద్దాం" అన్నాడు. ఇంత దూరం వచ్చి బతుకుతున్న చోట మన మాటలో ఒకరు అడిగితే రెండోవాళ్లకి కాదనడానికి నోరు రాదు. ఆ సంగతి తెలిసి అడిగిందా, తెలియక అడిగిందా. తనని తను ఎన్నిసార్లు అడుక్కుందో. చర్మం మీద కోత వేరు, ఎముక మీద కిటికీ వేరు అని మాత్రం చెప్పుకుంటుంది. చర్మాన్ని లాగి పట్టుకుంటే చిన్న కోతలోంచి కూడా పెద్ద కిటికీ పెట్టొచ్చు. పెట్టొచ్చు. పెట్టే ఉంటాడు. ఆయన చెయ్యి ఎలాంటిదో తనకి తెలియదా.

ఆపరేషన్ రోజున క్యాంటీన్‌లో కూర్చుంటే కస్తూరి వచ్చింది, తల మీద టోపీ తియ్యకుండానే. విజయనగరం పిల్ల, తను పని నేర్పిన పిల్ల, ఆ రోజు బల్ల పక్కన నిలబడింది కస్తూరే. "అక్కా, మరేటి భయం నేదు. లెక్క సరిపోయింది" అంది. కోత కుట్టేముందు లోపలికి వెళ్లిన గుడ్డముక్కలు, పనిముట్లు అన్నీ లెక్కపెట్టి సరిపోయిందని సిస్టరు చెప్పాలి, చెప్పేదాకా డాక్టరు సూది పట్టుకోడు. ఆ మాట విని సరళకుమారి ఏడ్చింది. కస్తూరి పక్కన కూర్చుని, తన మణికట్లు నొక్కుకుంటూ నవ్వింది. "కోత చిన్నది కదా అక్కా, నాగి నాగి నా చేతులు పడిపోనాయి. నాకు బిర్యానీ బాకీ నువ్వు." బిర్యానీ తినిపించింది. తింటున్నంతసేపూ కస్తూరి మణికట్లే చూసింది. అంత లాగాల్సి వచ్చిందా. అంత లాగినా వెనక గోడ కనబడిందా. అడగలేదు. లెక్క సరిపోయింది. లెక్కకి వచ్చేవి గుడ్డముక్కలు, కత్తెరలు. అంచు కింద ఉండిపోయినదాన్ని ఎవరు లెక్కపెడతారు.

ఆ తరవాత ఇంట్లో నలుగురున్నట్టు ఉండేది. తోమాసు, ఎల్సా, తను, అది. అది తిండికి రాదు, మాట్లాడదు. పాలగిన్నె తోముతుంటే ఉండేది. పాలకొల్లులో అమ్మ చెప్పేది, గిన్నె లోపల ఎంత తోమినా అంచు మడత కింద తోమకపోతే పొద్దుటి పాలు విరుగుతాయని. చూపుడువేలికి పీచు చుట్టి ఆ మడత కింద తిప్పుతూ ఉంటే తోమాసు హాల్లోంచి అరిచేవాడు, "అరిగిపోతుందే ఆ గిన్నె. కొత్తది కావాలంటే సూటిగా అడగొచ్చుగా." కొబ్బరి చిప్ప కోరుతుంటే ఉండేది, కోరిందంతా కోరాక చిప్పని వెలుతురుకి ఎత్తి చూస్తే అంచు దగ్గర తెల్లగా కొంచెం. గోకితే గోళ్లలోకి వచ్చేది. ఎల్సా నిద్రపోయాక కాదు, మెలకువగా ఉండి ఫోను చూసి నవ్వుకుంటున్నప్పుడే అది ఉన్నట్టు ఎక్కువగా అనిపించేది, పిల్ల పక్కన సోఫాలో కూర్చున్నట్టు. ఆదివారాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎల్సా అలాగే సోఫాలో నిద్రపోతే, కొబ్బరినూనె వేడిచేసి తెచ్చి మోకాలి పక్కన మచ్చకి రాసేది. వేలంత మచ్చ. పని బాగా చేశాడాయన, కుట్లు కనబడవు. అది చూసుకుని సంతోషించాల్సిన మనిషి రాస్తూ రాస్తూ పెదాలు కదిపేది. పిల్లకి మచ్చంటే లెక్కే లేదు. నిక్కర్లు వేసుకుని కింద మార్కెట్‌కి వెళ్లొచ్చేది. ఆఫీసులో ఎవరో అడిగితే సొరచేప కరిచిందని చెప్పిందట. ఢిల్లీలో సొరచేప ఎక్కడిదే అంటే, "యమునా మే థీ" అంది.

వచ్చే ఆదివారం కృతజ్ఞత కూడిక. రెండేళ్లు నిండాయని తోమాసు పాస్టరుగారితో చెప్పి ఖాయం చేసేశాడు. లక్ష్మీనగర్‌లో ఒక స్కూలు హాలు తీసుకుని తెలుగువాళ్లు ఆరాధన జరుపుకుంటారు, నర్సులు, ల్యాబ్‌వాళ్లు, వాళ్ల పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. జబ్బు నయమైనవాళ్లు అందరి ముందూ లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఎల్సా చెప్పాలి, అదీ తెలుగులో. నాలుగు రోజులుగా తండ్రి రాసిచ్చిన మాటలు వల్లిస్తోంది. "డాడీ, సంపూర్ణ స్వస్థత బహుత్ లంబా హై. ఫిట్ హూ బోల్ దూ?" అని, ఫిట్‌గా ఉన్నానని చెప్పేస్తే చాలదా అంటే తోమాసు పడీ పడీ నవ్వాడు, నవ్వాక, కాదు, సంపూర్ణ స్వస్థత అనే చెప్పాలి అన్నాడు. స్కాన్ సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్తే ఏమంటాడో తెలుసు, దేవుడు చేసినదానికి రసీదు అడుగుతావా సరళా అంటాడు. కోపంగా అనడు. నవ్వుతూ అంటాడు. లోపల ఆ మాట నిజమని నమ్మి అంటాడు. డాక్టరు ఒకసారి అన్నాడు, ఆపరేషన్ సగం పనే, మిగతా సగం చూసుకుంటూ ఉండటం అని. తోమాసు మొదటి సగానికి స్తోత్రం చెప్పాడు. రెండో సగం తన వంతుకి వచ్చింది. చూసుకుంటూ ఉండటం. పిల్ల నడిచినప్పుడల్లా కాళ్లు చూడటం, కూర్చుని లేచినప్పుడు చెయ్యి దేని మీద ఆనించిందో చూడటం, ముఖం చూడకుండా మోకాలు చూడటం. ఒక రోజు ఎల్సా అంది, మమ్మీ, నా ముఖం ఇక్కడ ఉంది అని, వేలితో తన ముఖం చూపించుకుంటూ.

మోత ఆగింది.

ఎప్పుడు ఆగిందో గమనించలేదు, ఆగి కాసేపయిందేమో. తలుపు తెరుచుకుని నవదీప్ గుమ్మంలోకి వచ్చాడు. ఫోటోలు తీసే టెక్నీషియన్. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల మనుషులకి ఎవరికి స్కాన్ తీసినా నవదీప్ తలుపు తెరిచి, ఆ జావో దీదీ, దేఖ్ లో అని లోపలికి పిలుస్తాడు. రూల్లో లేదు, ఇక్కడివాళ్లు ఒకరికొకరు చేసుకునే మర్యాద అది. కిందటిసారి పిలిచాడు, అంతకుముందూ పిలిచాడు, తెర మీద చూపించి ఏక్‌దమ్ క్లియర్ అన్నాడు. ఇవాళ గుమ్మం దాటి రాలేదు, పక్కకి తప్పుకోనూ లేదు. "దీదీ, డాక్టర్ సాబ్ కో ఫోన్ కర్ దియా హై. వో బతాయేంగే."

డాక్టర్‌గారు చెప్తారు. అలా అనేటప్పుడు మనిషి ఎక్కడ చూస్తాడో సరళకుమారికి తెలుసు, ఎదుటివాళ్ల భుజం మీదుగా గోడ కేసి. నవదీప్ గోడ కేసే చూశాడు. తలుపు మూసుకుంది. ఆవిడ ఆ తలుపునే చూస్తూ ఉంది. గుప్పిట్లో ముక్కుపుడక శీల అరచేతికి గుచ్చుకుంది. గుప్పిట విప్పలేదు. ఇప్పుడు తనకి తెలుసు, పిల్లకి తెలియదు, బట్టలు మార్చుకుని వచ్చేదాకా తెలియదు. ఆ కాసేపూ తెలియకుండా ఉంటే చాలనుకుంది. అది ఇంతకాలం అంచు కింద కూర్చున్నట్టే తనూ ఈ కుర్చీలో కూర్చుని ఉంటే, ఎవరూ చూడకుండా ఉంటే.

ఎల్సా బయటికి వచ్చింది. మోచేతి మడత మీద దూది, జుట్టు ఒక పక్కకి అణిగిపోయి ఉంది. "భూక్ లగీ హై. ఛోలే భటూరే ఖిలావో" అంది, ఆకలేస్తోందని. అని తల్లి ముఖం చూసింది. పక్కన కూర్చుని, తల్లి గుప్పిట ఒక్కో వేలే విప్పి తన వస్తువులు తీసుకుని, ఫోను కెమెరాలో చూసుకుంటూ ముక్కుపుడక పెట్టుకుంది. అప్పుడు మెట్ల మీద నుంచి సదాశివరావు దిగి వచ్చాడు. థియేటర్ చెప్పులు, పచ్చ టోపీ. ఒక కేసుకీ ఇంకో కేసుకీ మధ్యలో ఆయన కిందికి రావడం సరళకుమారి ఎప్పుడూ చూడలేదు. కుర్చీ లాక్కుని ఎల్సాకి ఎదురుగా కూర్చున్నాడు. తల్లికి కాదు, పిల్లకే చెప్పాడు.

"వెనక పక్కనమ్మా. సిమెంటుకీ ఎముకకీ మధ్య. చిన్నదే. ముక్క తీసి పరీక్ష చేయించాలి, కానీ అదేనని నా అనుమానం. తొందరగా దొరికింది. మళ్లీ లోపలికి వెళ్లాలి."

"ఘుట్నా బచేగా, అంకుల్?"

"మోకాలు ఉంచాలనే చూస్తాను. ఉంటుందనే అనుకుంటున్నా."

ఎల్సా తలూపింది. కింది పెదవి కొరుక్కుంది. తరవాత, "ఇస్ బార్ కట్ కా సైజ్ మమ్మీ సే మత్ పూఛ్‌నా" అంది. కోత ఎంత పెట్టాలో ఈసారి అమ్మనడక్కండి. డాక్టరు నవ్వబోయి, సరళకుమారి కేసి చూసి ఆగిపోయాడు.

"నీకెవరు చెప్పారు?" అంది సరళకుమారి.

"తుమ్ నే హీ, మమ్మీ." నువ్వే.

"నేనెప్పుడు చెప్పానే?"

"సండే కో. తేల్ లగాతే లగాతే. నేను సో గయీ అనుకుంటావు నువ్వు." ఆదివారాలు నూనె రాస్తూ, పిల్ల నిద్రపోయిందనుకుని. తరవాతి మాటలు ఎల్సా తెలుగులో, తల్లి పాలకొల్లు యాసలో, ఒక్క అక్షరం తేడా లేకుండా అప్పజెప్పింది. "ప్రెభువా, నేనే అడిగేను, ఈ నోటితో నేనే అడిగేను, నా బిడ్డ మీదికి రానివ్వకు తండ్రీ." అప్పజెప్పి, "హర్ సండే, మమ్మీ" అంది.

"మరి నాతో అనలేదేం?"

"క్యా బోల్‌తీ?" ఎల్సా భుజాలెగరేసింది. "తేల్ అచ్ఛా లగ్‌తా థా." ఏమంటుంది, నూనె రాస్తుంటే హాయిగా ఉండేది.

సరళకుమారి డాక్టరు వైపు తిరిగింది. రెండేళ్లుగా థియేటర్‌లో ఆయన చేతికి కత్తెరలు అందిస్తూ, ఎదురుగా నిలబడి, మాస్కు వెనక దాచుకున్న మాట. "సార్, ఆ రోజు నేను అడక్కపోయి ఉంటే..."

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. లేదండీ, దానికీ దీనికీ సంబంధం లేదని అనొచ్చు. అలా అనాలని ఆవిడ ఎదురుచూసింది, అంటే నమ్మకూడదని కూడా అనుకుంది. "ఏమోనండీ" అన్నాడాయన. "పెద్ద కోత పెట్టినా కొందరికి వస్తుంది. కత్తి నా చేతిలో ఉంది, మీ చేతిలో కాదు. వెనక గోడ కనబడినంతవరకు శుభ్రం చేశాను." చెప్పాక తన మాట తనకే వినబడినట్టుంది, టోపీని మోకాలి మీద రెండు మడతలు పెట్టాడు. కనబడినంతవరకు.

ఎల్సా కుడికాలు చాపి, ప్యాంటు మీద గోటితో గీత గీసింది, తొడ మధ్య నుంచి మోకాలి పక్కగా పిక్క దాకా. "యహా సే యహా తక్. చలేగా."

"అంత అక్కర్లేదమ్మా."

"అక్కర్లేకపోయినా పెట్టండి సార్" అంది సరళకుమారి.

"మమ్మీ! ఫిర్ సే?"

సరళకుమారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మళ్లీ అడిగింది. అదే మనిషిని, అదే మాటలో, కోత కొలత. ఆయన కాదనలేదు ఈసారి కూడా, చూస్తున్నాడు, ఆవిడ చెప్పింది వినడానికి సిద్ధంగా ఉన్నవాడిలా. ఆవిడ చెయ్యి కిందికి దించింది.

"కాదు సార్. నా మాట వినకండి" అంది. "మీకు వెనక దాకా కనబడాలి. దానికి ఎంత కావాలో అంత."